ఖాళీ బండిలో మనిషి

లెంక గురువులు తాను లేడన్న సంగతి గోడ మీద చదివి తెలుసుకున్నాడు.

నీలాపురం రేవులో రెండో గేటు పక్కన మంచినీళ్ల కుళాయి ఉంది. దానికి సరిగ్గా పైన, రేవునూ లారీలనూ నడిపే సంస్థవారు నోటీసులు అంటిస్తారు. నీళ్లకని వంగిన ప్రతివాడూ లేచేటప్పుడు వాటిని చదవక తప్పదు. ఆ ఉదయం గురువులు సీసా నింపుకుని తలెత్తేసరికి కొత్త కాగితం ఒకటి కనబడింది.

"ఖాళీ కంటైనరుతో తిరిగివచ్చు వాహనము ఖాళీ వాహనముగా పరిగణింపబడును. ఖాళీ వాహనమునందు చోదకుడు ఉన్నట్లు పరిగణింపబడడు. కావున తిరుగు ప్రయాణమునకు బత్తా చెల్లింపబడదు."

కింద సంతకం ఉంది. సంతకం మీద ముద్ర ఉంది. ఎందుకైనా మంచిదని ముద్ర మీద ఇంకో ముద్ర కూడా వేశారు.

గురువులు రెండుసార్లు చదివి, వెనక సీసా పట్టుకుని నిలబడ్డ తోటి డ్రైవరు సన్యాసి వైపు తిరిగాడు.

"ఏటిరా సన్నేసీ, నాను ఉన్నట్టా, నేనట్టా?"

"ఇప్పుడు లోడుతో ఎల్తన్నావు గదా, ఉన్నావు. సాయంత్రం ఖాళీ పెట్టితో వొచ్చినప్పుడు నేవు," అన్నాడు సన్యాసి. "ఉన్నప్పుడే బేగి నీల్లు పట్టుకో."

ఈ నిబంధన ఎలా పుట్టిందో చెప్పాలంటే జీడిపిక్కల దగ్గర మొదలుపెట్టాలి. నీలాపురం రేవుకు ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు పెట్టెల్లో వస్తాయి. పెట్టెలంటే అటక మీది ట్రంకుపెట్టెలు కావు, ఒక్కోదాంట్లో నాలుగిళ్ల సామాను పట్టే ఇనప కంటైనర్లు. ఓడ దిగిన పెట్టెను లారీకెక్కించి పలాస జీడి ఫ్యాక్టరీల దగ్గర చేరుస్తారు. పిక్కలు దించాక ఖాళీ పెట్టెను మళ్లీ రేవుకు తేవాలి. అది జీడి వ్యాపారి సొమ్మూ కాదు, లారీవాడి సొమ్మూ కాదు, ఓడ కంపెనీది. తేవడం ఆలస్యమైతే రోజుకింతని అద్దె పడుతుంది. పలాస నుంచి రేవుకు తెచ్చేందుకు అంత సరుకు ఉండదు కాబట్టి లారీలు పోయేటప్పుడు బరువుతోనూ, వచ్చేటప్పుడు గాలితోనూ నడుస్తుంటాయి.

ఆ సంవత్సరం సంస్థ ఎం.డి. పరాంకుశంగారు లెక్కలు తిరగేస్తూ ఒక సంగతి కనిపెట్టారు. ఆఫ్రికా నుంచి నీలాపురం దాకా పెట్టెకయ్యే ఖర్చును కిలోమీటర్లతో భాగిస్తే పైసల్లో తేలుతోంది. నీలాపురం నుంచి పలాస దాకా అయ్యే ఖర్చు రూపాయల్లో తేలుతోంది. ఓడ ఒక్క విడతలో వేల పెట్టెలు మోస్తుంది కనుక ఖర్చు వాటన్నిటికీ పంచితే తలా కాస్తే పడుతుందనీ, లారీ మోసేది ఒక్క పెట్టెనే కనుక డీజిలూ టైర్లూ టోలుగేట్లూ మనిషీ ఆ ఒక్కదాని నెత్తినే పడతాయనీ ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కానీ ఆ సమావేశంలో ఉన్నవాళ్లందరూ ఆయన కంటే చిన్న ఉద్యోగులు.

"ఓడలో పెట్టెకొక కెప్టెన్ ఉంటాడా?" అని అడిగారు పరాంకుశంగారు.

"ఉండడు సార్," అన్నారందరూ.

"మరి రోడ్డు మీద పెట్టెకొక డ్రైవరు ఎందుకయ్యా?"

అందరూ ప్రశ్ననే రాసుకున్నారు. రెండువైపులా డ్రైవర్ని తీసేస్తే పెట్టె కదలదన్న భయం ఉంది కాబట్టి, సాయంత్రానికి ఒకవైపు తీసేశారు. పోయేటప్పుడు పెట్టెలో సరుకుంటుంది, సరుకు వెనక వ్యాపారి ఉంటాడు. వచ్చేటప్పుడు ఉండేది గాలి. గాలి తరఫున ఫిర్యాదు చేసేవాడు ఎవడూ లేడు. వ్యాపారి దగ్గర మాత్రం రానూపోనూ కిరాయి ఎప్పటిలాగే వసూలు చేశారు. ఆ బిల్లులో "తిరుగు ప్రయాణము, చోదకుని బత్తాతో సహా" అని అచ్చులో స్పష్టంగా ఉండేది.

ఇంత పెద్ద సంస్కరణను అమలు చెయ్యడానికి ఒక విభాగం కావలసి వచ్చింది. దానికి డిప్యూటీ మేనేజరుగా కామేశ్వరశర్మగారిని వేసి, గది గుమ్మం మీద "ఖాళీల విభాగం" అని బోర్డు పెట్టారు. మర్నాటి నుంచి చుట్టుపక్కల మూడు మండలాల నిరుద్యోగులు సర్టిఫికెట్ల కట్టలతో ఆ గుమ్మం ముందు వరస కట్టారు. అవి ఉద్యోగ ఖాళీలు కావు, పెట్టెల ఖాళీలని శర్మగారు చెప్పి చూశారు. పెట్టెల్లో అయినా సరే, ఏదో ఒక ఖాళీ ఇప్పించమని వాళ్లు బతిమాలారు.

గురువులు ఆ వరసలో నిలబడి, తన వంతు వచ్చాక లోపలికి వెళ్లాడు.

"దరఖాస్తు అక్కడ పెట్టి వెళ్లండి," అన్నారు శర్మగారు తలెత్తకుండా.

"నాను ఉద్యోగానికి రానేదు బావూ. ఉన్న ఉద్యోగం గురించే వొచ్చినాను. నిన్న పలాస నుంచి బండి తెచ్చినాను. నాను నేకపోతే ఆ బండి ఎవులు తోలినట్టు?"

శర్మగారు కళ్లజోడు సర్దుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ప్రశ్నకు జవాబు చెప్పడం తన విధి అని నమ్మే మనిషి.

"బండి వచ్చిందా?"

"వొచ్చింది."

"పెట్టె వచ్చిందా?"

"వొచ్చింది."

"సంస్థకు ఆవశ్యకమైనవి ఆ రెండే. మూడో అంశం గురించి సంస్థ వద్ద సమాచారం లేదు."

"మూడోది నానే గదండీ. ఇక్కడే నిలబడ్డాను."

"ప్రస్తుతం మీరు నిలబడినది వ్యక్తిగత హోదాలో."

"మరి పలాస సావుకారి దగ్గిర నా బత్తా వసూలు సేసినారు గదా!"

"వసూళ్లు వేరే విభాగం. వసూళ్ల విభాగం దృష్టిలో మీరు ఉన్నారు. చెల్లింపుల విభాగం దృష్టిలో లేరు. ఈ రెండు దృక్పథాల మధ్య వైరుధ్యం లేదు, సమన్వయం ఉంది. ఆ సమన్వయం కోసమే ఈ విభాగం ఏర్పడింది."

డ్రైవర్లు ఊరికే కూర్చోలేదు. పెట్టె ఖాళీగా ఉంటేనే కదా ఈ తంటా అని, సన్యాసి పలాసలో ఒక బస్తా జీడితొక్క పెట్టెలో వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర ఆ బస్తాను ఎగుమతి సరుకుగా నిర్ధారించారు. ఎగుమతికి అనుమతి పత్రం ఏదన్నారు. తొక్కలో పురుగు లేదని ధ్రువీకరణ ఏదన్నారు. అవి వచ్చేదాకా సన్యాసి లారీలోనే వండుకు తిన్నాడు. ఆ తర్వాత ఎవరూ పెట్టెలో బస్తా వెయ్యలేదు.

ఇక గురువులు వేలు సంగతి. లారీ మీద పెట్టె జారిపోకుండా నాలుగు మూలలా లాకులుంటాయి. ఒక సాయంత్రం ఖాళీ పెట్టెలు దింపే యార్డులో ఒక లాకు బిగుసుకుపోయింది. గురువులు చెయ్యి పెట్టి లాగుతున్నాడు. పైన క్రేను నడిపేవాడికి కింద ఎవరూ కనబడలేదు, అక్కడ ఎవరూ ఉండరని క్రేనువాళ్లకూ ఉత్తర్వులు వచ్చి ఉన్నాయి. పెట్టె కాస్త లేచి మళ్లీ కూర్చుంది. కుడిచేతి చిటికెన వేలు సగానికి తెగిపోయింది.

గురువులు భార్య నూకరత్నం గేటు బయట ఇడ్లీ బండి నడుపుతుంది. ఆసుపత్రిలో మొగుడి చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"మావా, డబ్బుల సంగతి ఎనక సూద్దుం. పనిలో ఉండగా ఏలు పోనాదని ఆ ఆఫీసోల్ల సేత ఒక్క ముక్క రాయించుకొని రా."

ఆమె భయంలో అర్థముంది. పనిలో గాయపడ్డ డ్రైవర్ని సంస్థ తీసెయ్యకూడదు. పని లేనప్పుడు గాయపడ్డవాణ్ని పనికిరాడని ఇంటికి పంపవచ్చు. ఇరవయ్యేళ్లుగా లారీ తోలడం తప్ప గురువులుకు ఇంకో విద్య తెలియదు. ఆ ఒక్క ముక్క లేకపోతే బండి పోతుంది.

"ఘటన సమయంలో పెట్టె పరిస్థితి?" అని అడిగారు శర్మగారు.

"ఖాళీ అండి."

"అయితే మీరు లేరు."

"మరి ఏలు బావూ?"

శర్మగారు కట్టు వైపు చూశారు. ఆయన మొహం బాధగానే ఉంది. బంట్రోతును పిలిచి గురువులుకు కాఫీ తెప్పించారు. తర్వాత ఫైలు తీశారు.

"యార్డులో ఒక వేలు లభ్యమైనట్లు నివేదిక వచ్చింది. అది ఎవరిదో నిర్ధారణ కాలేదు. నిర్ణీత గడువులోగా హక్కుదారు రాని యెడల హక్కుదారు లేని సరుకుగా ప్రకటిస్తాం."

"నాదేనండి! సూడండి, ఇక్కడ నేదు!"

"ఆ సమయంలో మీరు అక్కడ ఉండి ఉంటే మీదే అయ్యేది. ఇంకో మాట, స్నేహపూర్వకంగా చెబుతున్నాను. యార్డులో వదిలిన ప్రతి వస్తువుకూ రోజువారీ నిలవ రుసుము పడుతుంది. మీది అని రాసిచ్చే ముందు ఆలోచించుకోండి."

వేలు తెగినప్పుడు రాని ఏడుపు గురువులుకు ఆ గదిలో వచ్చింది. కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాడు. బయట వరసలో ముందున్న కుర్రాడు, "ఖాళీ దొరికిందా అన్నా?" అని ఆశగా అడిగాడు.

గాయం మాని, ముక్క సంగతి తేలకుండానే గురువులు మళ్లీ బండి ఎక్కేనాటికి సంస్థ వార్షిక నివేదిక తయారైంది. అందులో కంప్యూటరు ఒక కొత్త పట్టిక ఇచ్చింది. ఏడాది పొడుగునా యార్డుకు చేరిన ఖాళీ లారీలు వేలల్లో ఉన్నాయి. వాటిల్లో ఉన్న డ్రైవర్లు సున్నా. పరాంకుశంగారు ఆ సున్నాను చాలాసేపు చూశారు.

"ప్రపంచంలో పేరున్న రేవులన్నీ డ్రైవరు లేని లారీల కోసం డబ్బు నీళ్లలా పోస్తున్నాయి," అన్నారు. "మనం పైసా ఖర్చు లేకుండా సాధించాం. మనకే తెలియలేదు!"

తెలిశాక ఆగలేదు. రేవు నిండా "చోదకరహిత నీలాపురం" అని బ్యానర్లు కట్టారు. ఉద్యోగులందరి చేతా ప్రతిజ్ఞ చేయించారు. సాయంత్రం గేటు దాటేటప్పుడు డ్రైవర్లు తలలు కిందికి వంచాలని ఉత్తర్వు వచ్చింది. లారీ పక్క అద్దాలకు నల్లకాగితం అంటించారు. గేటు కాపలావాళ్లు డ్రైవర్లను చూడరాదన్నారు. పాపం వాళ్లు మొహం పక్కకు తిప్పుకుని గేటు తీసేవారు, అలవాటు కొద్దీ "తిన్నావా?" అని అడిగి నాలిక కరుచుకునేవారు. ఖాళీ బండి హారన్ కొట్టకూడదన్నారు. లోపల ఎవరూ లేని బండి హారన్ కొడితే అనుమానాలకు తావిస్తుందట.

ఈ విజయం చూడటానికి ఢిల్లీ నుంచి నిపుణుల బృందం బయల్దేరింది. ఆ వార్త వచ్చిన రోజు శర్మగారు వెతుక్కుంటూ ఇడ్లీ బండి దగ్గరికి వచ్చారు.

"గురువులూ, ప్రదర్శనకు నిన్ను ఎంపిక చేశాం. నువ్వు పొట్టిగా, బక్కగా ఉంటావు. స్టీరింగు వెనక నీ ఉనికి అంతగా ప్రస్ఫుటం కాదు."

"మరి నా ముక్క?"

"ప్రదర్శన దిగ్విజయమైతే అదే రోజు రాసిస్తాను. నా మాట."

నూకరత్నం చట్నీ వేస్తూ వింటోంది. "ముందు రాసియ్యండి బావూ," అంది.

"ముందు రాస్తే డ్రైవరు ఉన్నట్లవుతుందమ్మా. అప్పుడిక ప్రదర్శన దేనికి?" అన్నారు శర్మగారు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. "ఒక్కటి గుర్తుంచుకో గురువులూ. బండి ఆపినప్పుడు హ్యాండ్ బ్రేకు వెయ్యవద్దు. అది ఉస్సుమంటుంది. అతిథులకు వినబడితే ఎవరు వేశారని అడుగుతారు. కాలితో తొక్కి పట్టుకో చాలు."

ప్రదర్శన రోజు రెండో గేటు లోపల షామియానా వేశారు. పూలతో స్వాగత తోరణం కట్టారు. తోరణం పక్కనే పరాంకుశంగారి కొత్త కారు నిలబెట్టారు. గేటు నుంచి అక్కడికి రోడ్డు కాస్త వాలుగా ఉంటుంది. గురువులు నల్ల అద్దాల వెనక నడుం వంచి, స్టీరింగు కంతలోంచి రోడ్డు చూసుకుంటూ ఖాళీ పెట్టెతో లోపలికి వచ్చి, గేటు దాటి ఆగాడు. నిపుణులు చప్పట్లు కొట్టారు. పరాంకుశంగారు మైకు అందుకున్నారు.

"మిత్రులారా! ఇందులో సాంకేతికత లేదు. కెమెరాలు లేవు. కంప్యూటర్లు లేవు. ఉన్నదల్లా ఒక్కటే. పరిపాలనా సంకల్పం!"

బృందానికి నాయకురాలు పెద్దావిడ. చిన్నప్పుడు రాజమండ్రిలో చదువుకున్నారు, తెలుగు శుభ్రంగా వచ్చు. ఆవిడ నేరుగా లారీ దగ్గరికి నడిచి తలుపు తీశారు. లోపల గురువులు ముడుచుకుని, కుడికాలితో బ్రేకు తొక్కి పట్టి కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నమస్కారమండి," అన్నాడు గురువులు.

"ఇతనెవరు?" అని అడిగారావిడ.

పరాంకుశంగారు తడబడలేదు.

"ఎవరూ లేరు మేడమ్. నియమావళి ప్రకారం ఆ సీటు ఖాళీ."

"నాకు మనిషి కనబడుతున్నాడే."

"ఖాళీగా ఉన్నాడు మేడమ్," అన్నారు శర్మగారు చప్పున. "పనేమీ లేక కూర్చున్నాడు."

"పని లేకపోతే దిగమనండి. చూద్దాం."

పరాంకుశంగారు చెయ్యి ఊపారు. "దిగవయ్యా!"

"బావూ, కాలు తీసీమంటారా?" అన్నాడు గురువులు.

"దిగమంటుంటే కాలేమిటయ్యా! దిగు!"

"సర్మగారూ, మీరూ ఇన్నారు గదా. కాలు తీసీమంటన్నారు."

"తియ్యి!" అన్నారు శర్మగారు.

గురువులు పెద్దావిడను జాగ్రత్తగా పక్కకు తప్పుకోమన్నాడు. కాలు తీసి, దిగి తలుపు వేశాడు. లారీ ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, వాలులో మెల్లగా కదిలింది. నీలాపురం రేవు చరిత్రలో డ్రైవరు లేకుండా లారీ కదలడం అదే మొదటిసారి. నిపుణులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పరాంకుశంగారి కళ్లు చెమర్చాయి. లారీ చప్పట్ల మధ్య నుంచి హుందాగా సాగి, వేగం అందుకుని, పూల తోరణాన్ని మెడలో వేసుకుని, కొత్త కారును గోడదాకా తోసుకెళ్లి ఆగింది. అదృష్టవశాత్తూ అటువైపు మనుషులెవరూ లేరు.

చప్పట్లు ఆగిపోయాయి.

"డ్రైవరేడీ?" అని అరిచారు పరాంకుశంగారు. "డ్రైవరెక్కడ చచ్చాడు?"

ఖాళీ బండిని చూసి ఆ సంస్థలో ఎవరైనా ఆ మాట అడిగి ఏడాది దాటింది. గురువులుకు ఒళ్లు పులకరించింది.

"ఇక్కడే ఉన్నాను బావూ," అన్నాడు.

కారు ఖరీదు ఎవరో ఒకరు కట్టాలి. కట్టాలంటే బాధ్యుడు ఉండాలి. బాధ్యుడు ఉండాలంటే ఆ సమయంలో బండిలో మనిషి ఉండి తీరాలి. సంస్థ ఆ రోజే సమావేశమై గురువులుకు మెమో ఇచ్చింది. "ఖాళీ కంటైనరు గల వాహనమును నడుపుచు విధినిర్వహణలో ఉన్న చోదకుడు లెంక గురువులు, బ్రేకు వేయుటలో నిర్లక్ష్యము వహించినందున..." అని మొదలై అది రెండు పేజీలు సాగింది. కింద పరాంకుశంగారి సంతకం, శర్మగారి సంతకం, రెండు ముద్రలూ ఉన్నాయి.

గురువులు దాన్ని ఇడ్లీ బండి దగ్గరికి తెచ్చి భార్యకు చదివి వినిపించాడు. నూకరత్నం మొదటి వాక్యం మళ్లీ చదవమంది. మళ్లీ చదివాడు.

"ఎంత సక్కగా రాసినారు మావా," అంది, కళ్లు తుడుచుకుంటూ.

మెమోకు గురువులు ఒక్క ముక్కలో జవాబిచ్చాడు, పెద్దలు కాలు తియ్యమంటే తీశానని. ఆ మాట స్వయంగా విన్న పెద్దావిడ ఢిల్లీ వెళ్లి అదే రాశారు. దాంతో కారు సంగతి మూలపడింది. మొదటి వాక్యం మాత్రం మిగిలింది. గురువులు తీసుకెళ్లి చూపిస్తే కార్మిక శాఖ అధికారి దాన్ని చదివి, ఖాళీ బండిలో డ్రైవరు విధినిర్వహణలోనే ఉంటాడని సంస్థే ఒప్పుకుంది కాబట్టి వేలు పోయింది కూడా పనిలోనేనని తేల్చారు. గురువులు బండి గురువులుకే ఉండిపోయింది. మర్నాడు సన్యాసి ఆ మెమో అడిగి తీసుకున్నాడు. సాయంత్రానికి రేవు బయట జెరాక్సు షాపు ముందు డ్రైవర్లందరూ వరస కట్టారు. ఏడాదిపాటు తాము తెచ్చిన ప్రతి ఖాళీ పెట్టెకూ బత్తా కోరుతూ అర్జీలు శర్మగారి బల్ల మీద గుట్టగా పడ్డాయి. గుమ్మం ముందున్న నిరుద్యోగులకు నిలబడే చోటు లేకుండా పోయింది.

తర్వాత ఒక ఉదయం గురువులు బండి ఎక్కుతుండగా శర్మగారు రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చారు. మనిషి బాగా చిక్కిపోయారు.

"గురువులుగారూ!" అన్నారు. ఆ 'గారు' ఆయన నోట అదే మొదలు. "ఆ మెమో అసలు ప్రతి ఒక్కసారి తిరిగి ఇవ్వాలి. వాహనం స్వయంచాలకంగా కదిలినట్లు సవరించి, మీరు లేనట్లు కొత్త మెమో ఇస్తాం. మీ మీద మచ్చ ఉండదు. మీరు ఎప్పుడు ఖాళీగా ఉంటారో చెబితే..."

గురువులు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. నల్లకాగితం చింపేసిన అద్దం కిందికి దించి, పొట్టివేలు చెయ్యి కిటికీ మీద ఆనించాడు.

"పలాస ఎల్లాలి బావూ. పెట్టి తేవాలి," అన్నాడు. "ఖాళీ నేదు."

హ్యాండ్ బ్రేకు ఉస్సుమంది. గేటు దగ్గర హారన్ కొట్టాడు. కాపలావాడు అతని మొహంలోకి చూసి, తిన్నావా అని అడిగి, గేటు తీశాడు.